డ్రైవింగ్ లైసెన్స్: కొత్తగా నేర్చుకునేవాళ్ళకీ, దేశం మారినవాళ్ళకీ

ఎనిమిదేళ్ళు కారు నడిపిన తర్వాత దేశం మారాను, అక్కడ మొదటి రోడ్ టెస్టులోనే ఫెయిలయ్యాను. బయలుదేరి నాలుగు నిమిషాలు కూడా కాలేదు. స్టాప్ బోర్డు దగ్గర స్పీడు బాగా తగ్గించి, రెండు వైపులా చూసి, ఎవరూ రావట్లేదని తేలాక మెల్లగా ముందుకు కదిలాను. నేనైతే ఆగాననే అనుకున్నాను. పక్కన కూర్చున్న ఎగ్జామినర్‌కి మాత్రం చక్రాలు తిరుగుతూనే కనిపించాయి, అక్కడ అది ఒక్కటి చేస్తే చాలు, ఫెయిలే. ఆ రోజు చాలా బాధపడ్డాను. రెండోసారికి సిద్ధమవుతున్నప్పుడు ఒక సంగతి గట్టిగా తలకెక్కింది: మనకి ఎంత డ్రైవింగ్ వచ్చో పక్క సీట్లో మనిషికి తెలియదు, మన తల తిరిగిందా, చక్రం ఆగిందా, ఇండికేటర్ ముందే పడిందా అన్నవే ఆయనకి కనిపిస్తాయి. కాగితాల కౌంటర్ దగ్గరా అంతే, మీరెవరో అక్కడి ఉద్యోగికి తెలియదు, మీ కాగితాల మీద ఏముందో అదే మీరు. ఈ మాట మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని అనిపించింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మీ గడువు ఎంతో తెలుసుకోండి

బొత్తిగా కొత్తగా నేర్చుకునేవాళ్ళకి గడువుల గొడవ పెద్దగా లేదు, వాళ్ళు ఈ భాగం వదిలేసినా పర్వాలేదు. మారి వచ్చినవాళ్ళు మాత్రం మిగతా ఏ పనికన్నా ముందు ఇది చూసుకోవాలి. పాత లైసెన్స్ మీద కొత్త చోట ఎన్నాళ్ళు నడపొచ్చు అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, తేడా కూడా చిన్నది కాదు. అమెరికాలో లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రాలు కాబట్టి పక్క రాష్ట్రానికి మారినా మళ్ళీ తీసుకోవాల్సిందే. కాలిఫోర్నియాలో స్థిరపడ్డాక 10 రోజుల్లో తీసుకోమంటారు, న్యూయార్క్‌లో 30 రోజులు, టెక్సాస్‌లో 90 రోజులు. కెనడాలోని ఓంటారియోలో 60 రోజులు. జర్మనీలో యూరప్ బయటి లైసెన్స్ మీద 6 నెలలు, బ్రిటన్‌లో భారతీయ లైసెన్స్ మీద 12 నెలలు. ఇండియాలో మాత్రం రాష్ట్రం మారినా లైసెన్స్ దేశమంతా చెల్లుతుంది, మళ్ళీ టెస్ట్ రాయక్కర్లేదు, అడ్రస్ మార్పించుకుంటే సరిపోతుంది.

చాలామంది పొరపాటు పడేది ఎక్కడంటే, ఈ లెక్క కారు కొన్న రోజు నుంచి మొదలవుతుందనుకుంటారు. కాదు, మీరు అక్కడ నివాసం ఏర్పరచుకున్న రోజు నుంచి మొదలవుతుంది. బ్రిటన్‌కి వచ్చి పది నెలల తర్వాత తీరిగ్గా కారు కొన్నవాళ్ళకి నిజానికి మిగిలేది రెండు నెలలే, ఆ రెండు నెలల్లో ప్రొవిజనల్ లైసెన్స్ (అక్కడి లెర్నర్ లైసెన్స్), థియరీ, ప్రాక్టికల్ అన్నీ అవడం చాలా కష్టం. 12 నెలలు దాటాక ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా మళ్ళీ లెర్నరే, ఎల్ బోర్డు పెట్టుకుని పక్కన లైసెన్స్ ఉన్నవాళ్ళని కూర్చోబెట్టుకునే నడపాలి. గడువు దాటాక నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క, ఇన్సూరెన్స్ కూడా చిక్కుల్లో పడుతుంది. ఇక్కడ దయచేసి ఎవరి మాటా వినకండి, అక్కడి లైసెన్స్ శాఖ అధికారిక సైట్‌లో మీరే చదువుకోండి.

రెండో ప్రశ్న, మీ పాత లైసెన్స్‌ని నేరుగా మార్చి ఇస్తారా, మళ్ళీ టెస్ట్ పెడతారా? కొన్ని దేశాల మధ్య ఒప్పందాలు ఉంటాయి, ఉంటే కాగితాలు, కంటి పరీక్షతో పని అయిపోతుంది. అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్ళినవాళ్ళకి, పాతది చెల్లుబాటులో ఉంటే, చాలా చోట్ల రోడ్ టెస్ట్ ఉండదు. అందుకే మారబోయే ముందు పాత లైసెన్స్ ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. రెన్యువల్ మర్చిపోయి మురిగిపోయిన లైసెన్స్‌తో వెళ్తే, ఊరికే వచ్చేదాని కోసం మొదటి నుంచి అన్ని టెస్టులూ రాయాల్సి రావచ్చు.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గురించి కూడా ఒక మాట. అది లైసెన్స్ కాదు. మీ లైసెన్స్‌లో ఉన్నదాన్ని వేరే భాషల్లో చూపించే చిన్న పుస్తకం అంతే, అసలు లైసెన్స్ పక్కన లేకపోతే దానికి విలువ లేదు. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఒక ఏడాది, 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చేది గరిష్ఠంగా 3 ఏళ్ళు చెల్లుతుంది. అసలు లైసెన్స్ ఏ దేశం ఇచ్చిందో ఆ దేశంలో అధికారం ఉన్నవాళ్ళే దీన్ని ఇవ్వాలి, కాబట్టి బయలుదేరే ముందే తీసుకోండి. వెళ్ళాక ఆన్‌లైన్‌లో ఎవరో అమ్ముతున్న ‘ఇంటర్నేషనల్ లైసెన్స్’ కొంటే డబ్బూ పోతుంది, పోలీసులు ఆపినప్పుడు అది పనికీ రాదు. ఇంకోటి, పర్మిట్ మీద ఏడాది ఉంది కదా అని అక్కడ నివాసం ఉంటూ ఏడాది నడపొచ్చని కాదు, పైన చెప్పిన గడువులే వర్తిస్తాయి.

కాగితాలు

ఏ దేశమైనా అడిగేవి మూడే విషయాలు: మీరెవరు, ఎక్కడ ఉంటున్నారు, ఇక్కడ ఉండటానికి మీకు హక్కు ఉందా. ఒక్కోదానికి ఏ కాగితం ఒప్పుకుంటారో జాబితా ఇస్తారు, ఆ జాబితాలో ఉన్నదే తీసుకెళ్ళండి, దానికి దగ్గరగా ఉన్నది కాదు. ఒరిజినల్స్ తీసుకెళ్ళండి. ఫోన్‌లో చూపిస్తానంటే చాలా చోట్ల ఒప్పుకోరు.

నన్ను అడిగితే, ఈ మొత్తం పనిలో ఎక్కువ మందిని వెనక్కి పంపేది పేరు. పాస్‌పోర్టులో ఒకలా, అద్దె అగ్రిమెంట్‌లో ఒకలా, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాత లైసెన్స్‌లో ఇంకోలా ఉంటుంది. మనకి ఇవన్నీ ఒకే మనిషి, కౌంటర్లో మనిషికి నలుగురు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళకి అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, అదే లైసెన్స్ మీదకీ వచ్చేస్తే తర్వాత ప్రతి చోటా వివరించుకోవాల్సి వస్తుంది. అద్దె అగ్రిమెంట్, కరెంటు బిల్లు, బ్యాంకు ఖాతా మొదలుపెట్టేటప్పుడే పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం మారకుండా అలాగే రాయించుకోండి. దంపతుల్లో ఒకరి పేరు మీదే అన్ని బిల్లులూ ఉండి, రెండోవాళ్ళకి అడ్రస్ ప్రూఫ్ ఒక్కటీ లేక నెలలు ఆగడం కూడా తరచుగా చూస్తాను. మొదటి రోజు నుంచే కొన్ని ఇద్దరి పేర్ల మీదా పెట్టుకోండి.

అమెరికాలో దిగిన మర్నాడే లైసెన్స్ ఆఫీసుకి పరుగెత్తకండి. మీ వీసా వివరాలను వాళ్ళు కంప్యూటర్లో సరిచూస్తారు, అవి అందులోకి చేరడానికి టైమ్ పడుతుంది. అక్కడ చదువుకోవడానికి వెళ్ళే విద్యార్థులకి దిగాక 10 రోజులు ఆగి వెళ్ళమనే సలహా ఇస్తారు. మీ లైసెన్స్ గడువు కూడా చాలాసార్లు మీరు ఉండటానికి అనుమతి ఉన్న తేదీతోనే ముగుస్తుంది, వీసా పొడిగించాక లైసెన్స్ దానంతటది పెరగదు, మళ్ళీ వెళ్ళాలి.

పాత కార్డుని చాలా చోట్ల తీసేసుకుంటారు. ఇచ్చేముందు రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకోండి. అంతకన్నా ముఖ్యమైనది, ఆ లైసెన్స్ ఇచ్చిన ఆఫీసు నుంచి మీరు ఎప్పటి నుంచి నడుపుతున్నారో తెలిపే ధ్రువీకరణ. ఓంటారియోలో పాత దేశపు అనుభవాన్ని లెక్కలోకి తీసుకుని రోడ్ టెస్టుకి ముందు వేచి ఉండే కాలం తగ్గిస్తారు, కానీ ఎక్కువ అనుభవం చూపించాలంటే ఈ లేఖ ఉండాలి. కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలూ దీన్ని చూసి ప్రీమియం తగ్గిస్తాయి. దేశం దాటాక తెప్పించుకోవడం పెద్ద పని, ఉండగానే తీసుకుంటే ఒక్క రోజు పని.

రాత పరీక్ష

దీన్ని తేలిగ్గా తీసుకుని ఫెయిలయ్యేవాళ్ళలో అనుభవం ఉన్నవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు నాకు. ‘ఇంతకాలం నడిపాం, ఆ మాత్రం తెలియదా’ అనుకుంటాం. తెలిసింది మన పాత చోటి రూలు, అడిగేది కొత్త చోటిది. ఉదాహరణకి రక్తంలో ఆల్కహాల్ పరిమితి అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో 0.08 శాతం, ఒక్క యూటాలో 0.05, ఇండియాలో 0.03. ఒకే దేశమైన బ్రిటన్‌లోనే ఇంగ్లండ్‌కి ఒకటి, స్కాట్లండ్‌కి దానికన్నా తక్కువ. ఎర్ర లైటు ఉన్నా పూర్తిగా ఆగి కుడికి తిరగొచ్చని అమెరికాలో చాలా చోట్ల రూలు, న్యూయార్క్ నగరంలో మాత్రం బోర్డు ఉంటే తప్ప తిరగకూడదు. నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలిలో ముందు వచ్చినవాళ్ళు ముందు వెళ్ళాలి, ఇద్దరూ ఒకేసారి వస్తే కుడి వైపున్నవాళ్ళకి దారి ఇవ్వాలి. స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వెలిగించి ఆగితే వెనక ఉన్నవాళ్ళే కాదు, ఎదురుగా వచ్చేవాళ్ళూ ఆగాలి, మధ్యలో డివైడర్ ఉంటే చాలా రాష్ట్రాల్లో ఎదుటివాళ్ళకి మినహాయింపు. ఇలాంటివి ఊహించి రాసేవి కావు.

అధికారిక హ్యాండ్‌బుక్ ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదవండి, ఆ తర్వాతే మాక్ టెస్టుల జోలికి వెళ్ళండి. మాక్ టెస్టులతోనే మొదలుపెడితే జవాబులు గుర్తుంటాయి గానీ రూలు తెలియదు, ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే చాలు, తడబడతాం. అంకెలున్నవి (ఎన్ని అడుగులు, ఎంత స్పీడు, ఎన్ని రోజులు) విడిగా ఒక కాగితం మీద రాసుకోండి, తప్పులు ఎక్కువగా పడేది వాటిలోనే. న్యూయార్క్‌లో 20 ప్రశ్నలకి 14 రావాలి. బ్రిటన్‌లో 50కి 43, దానితో పాటు వీడియోలు చూసి ప్రమాదం పసిగట్టే పరీక్షలో 75కి 44 రావాలి, రెండూ పాసైతేనే పాస్. ఆ థియరీ సర్టిఫికెట్ 2 ఏళ్ళే చెల్లుతుంది, ఆలోపు ప్రాక్టికల్ అవ్వకపోతే మళ్ళీ మొదటికి వస్తారు. ఇండియాలో ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలు ఉంటుంది, తీసుకున్న 30 రోజుల తర్వాత పర్మనెంట్ లైసెన్స్‌కి వెళ్ళొచ్చు.

కంటి పరీక్ష కూడా అప్పుడే చేస్తారు. కళ్ళజోడు మర్చిపోకండి, జోడుతో పాసైతే లైసెన్స్ మీద ఆ సంగతి రాస్తారు, ఇక జోడు లేకుండా నడపడం కూడా తప్పే. బ్రిటన్‌లో అయితే రోడ్ టెస్ట్ రోజున 20 మీటర్ల దూరంలో ఉన్న నంబర్ ప్లేటు చదవమంటారు, చదవలేకపోతే కారు కదలకుండానే టెస్ట్ అయిపోతుంది.

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళకి

మీకు ఒక మంచి అవకాశం ఉంది, మాన్పించుకోవాల్సిన పాత అలవాట్లు లేవు. మొదటి కొన్ని గంటలు ఖాళీ స్థలంలో క్లచ్, బ్రేకు, స్టీరింగ్ చేతికి వచ్చేదాకా తిప్పండి, బ్రేకు మీద కాలు ఎంత బరువు పెడితే బండి ఎంత ఆగుతుందో ఒళ్ళు నేర్చుకోవాలి. తర్వాత రద్దీ లేని వీధులు, తర్వాతే మెయిన్ రోడ్డు. ఒకే దారిలో పది సార్లు తిరిగితే ఆ దారే వస్తుంది, డ్రైవింగ్ రాదు. వానలో ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, ఎత్తు మీద ఆగి మళ్ళీ కదలడం కొన్నిసార్లు, ఇవన్నీ పక్కన ఎవరైనా ఉన్నప్పుడే అయిపోవాలి. నేర్పే మనిషి ఇంట్లోవాళ్ళే అయినా ఒకటి రెండు క్లాసులు అక్కడి టెస్ట్ తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ దగ్గర తీసుకోండి, ఇంట్లోవాళ్ళు బాగా నడుపుతారు గానీ వాళ్ళ టెస్ట్ అయి ఏళ్ళు గడిచి ఉంటాయి.

నాకు చాలా ఉపయోగపడిన పద్ధతి ఒకటి చెప్తాను. నడుపుతూ చూస్తున్నవన్నీ పైకి మాట్లాడటం. ‘ముందు కారు బ్రేకు వేసింది, వెనక అద్దం చూశాను, ఎడమ పక్క సైకిల్, జీబ్రా దగ్గర ఒక పిల్లాడు.’ మొదట్లో కొంచెం మొహమాటంగా ఉంటుంది. వారం రోజుల్లో కళ్ళు మీ అంతట మీరే తిప్పడం మొదలుపెడతారు, ఏం చూడట్లేదో కూడా తెలుస్తుంది.

గేర్ల కారా, ఆటోమేటిక్కా అన్నది ముందే తేల్చుకోండి. బ్రిటన్‌లో ఆటోమేటిక్‌లో పాసైతే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి, అమెరికాలో మామూలు కార్లకి ఆ తేడా లేదు.

రోడ్ టెస్ట్

ఒక్క విషయానికే టైమ్ ఉందంటే తల తిప్పడం ప్రాక్టీస్ చేయండి. లేన్ మారేటప్పుడు, పక్కకి ఆపిన చోటు నుంచి బయలుదేరేటప్పుడు వెనక అద్దం, పక్క అద్దం చూసి, ఇండికేటర్ వేసి, ఆ పైన భుజం మీదుగా వెనక్కి ఒకసారి చూడాలి, అద్దంలో కనపడని ఆ చోటునే బ్లైండ్ స్పాట్ అంటారు. అనుభవం ఉన్నవాళ్ళం కళ్ళు మాత్రమే కదిపి అద్దంలో చూసేస్తాం, తల కదలదు. ఎగ్జామినర్‌కి మీరు చూసినట్టు తెలిసే దారే లేదు, చూడలేదనే రాసుకుంటారు. గడ్డం భుజం దాకా వెళ్ళాలి. రివర్స్ చేసేటప్పుడు కెమెరా ఒక్కటే చూస్తూ చేయకండి, ఒళ్ళంతా తిరిగి కారు వెనక కిటికీలోంచి చూడండి.

స్టాప్ బోర్డు దగ్గర తెల్ల గీతకి ముందే ఆగండి, గీత మీద కాదు, దాటి కాదు. బండి ఆగినప్పుడు ఒంటికి చిన్న కుదుపు తెలుస్తుంది, అది తెలిశాక మనసులో మూడు లెక్కపెట్టి అప్పుడు కదలండి. అక్కడి నుంచి రోడ్డు సరిగ్గా కనపడకపోతే కొంచెం ముందుకి జరిగి మళ్ళీ ఆగండి, ముందే ముందుకెళ్ళి ఒకేసారి ఆగితే చెల్లదు. నేను రెండోసారి పాసైంది ఈ మూడు అంకెల వల్లే.

స్పీడు ఎక్కువైతే తప్పని అందరికీ తెలుసు, బాగా తక్కువైనా తప్పే. భయంతో లిమిట్ 40 ఉన్న చోట 20లో వెళ్తే వెనకవాళ్ళకి అడ్డమని మార్కులు పోతాయి. తిరిగేటప్పుడు ఏ లేన్‌లోంచి బయలుదేరారో దానికి సరిపడే లేన్‌లోకే వెళ్ళాలి, వెడల్పుగా తిరిగి పక్క లేన్‌లోకి జారిపోవడం మనలో చాలామందికి అలవాటు. రౌండ్‌అబౌట్‌లో లోపల తిరుగుతున్నవాళ్ళకి దారి ఇవ్వాలి. వాలులో ఆపమంటే చక్రాలు ఎటు తిప్పాలో గుర్తుంచుకోండి: దిగువకి ఆపితే రోడ్డు అంచున ఉన్న గట్టు వైపు, ఎగువకి ఆపితే గట్టుకి అవతలి వైపు, ఎందుకంటే బ్రేకు జారినా బండి గట్టుకి తగిలి ఆగుతుంది. ఇండియాలో టూవీలర్‌కి 8 ఆకారంలో, కారుకి హెచ్ ఆకారంలో ట్రాక్ ఉంటుంది, అక్కడ తొందరపడటం వల్లే కాలు కింద పెట్టడం, గీత తొక్కడం జరుగుతుంది.

అమెరికాలో సాధారణంగా కారు మీరే తెచ్చుకోవాలి, పక్కన లైసెన్స్ ఉన్న మనిషి రావాలి, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాలు కారులో ఉండాలి. బయలుదేరే ముందు బ్రేకు లైట్లు, ఇండికేటర్లు, హారన్ చూస్తారు, ఒక్క లైటు వెలగకపోయినా ఆ రోజు టెస్ట్ ఉండదు. ముందు రోజు సాయంత్రమే ఎవరినైనా వెనక నిలబెట్టి చూసుకోండి. అద్దె కారు అయితే టెస్టుకి ఒప్పుకుంటారో లేదో అడిగి తెలుసుకోండి. హజార్డ్ లైట్లు, డీఫాగర్, వైపర్ ఎక్కడున్నాయో చేయి తడుముకోకుండా చూపించగలగాలి.

టెన్షన్ అందరికీ ఉంటుంది. చెప్పింది అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని అడగండి, దానికి మార్కులు తీయరు. ఎడమకి తిరగమంటే పొరపాటున దాటిపోయారా, అలాగే నేరుగా వెళ్ళిపోండి, దారి తప్పడం తప్పు కాదు, చివరి క్షణంలో స్టీరింగ్ తిప్పేయడం పెద్ద తప్పు. మధ్యలో ఏదో తప్పు చేశానని అనిపిస్తే దాన్నే తలుచుకుంటూ కూర్చోకండి. బ్రిటన్‌లో చిన్న తప్పులు 15 దాకా చేసినా పాసే, పెద్దది ఒక్కటి చేస్తే ఫెయిల్. మీరు పెద్దదనుకున్నది ఆయన కాగితం మీద చిన్న గీత అయి ఉండొచ్చు.

రోడ్డు వైపు మారినవాళ్ళకి

ఎడమ వైపు నడిపే దేశం నుంచి కుడి వైపు నడిపే దేశానికి వెళ్తే మొదటి రెండు వారాలు ఇండికేటర్ వేయబోయి వైపర్ వేస్తారు, అది ప్రమాదం కాదు. ప్రమాదం ఖాళీ రోడ్డు. ముందు కార్లున్నప్పుడు వాళ్ళ వెనకే వెళ్తాం కాబట్టి తప్పు జరగదు. పొద్దున్నే పార్కింగ్‌లోంచి ఒక్కరే బయటికి వచ్చినప్పుడు, పెట్రోలు పోయించుకుని రోడ్డు ఎక్కేటప్పుడు చేతులు పాత వైపుకి తిప్పేస్తాయి. ఒక్క గుర్తు పెట్టుకోండి, ఏ దేశమైనా అక్కడి కోసం తయారైన కారులో డ్రైవరు రోడ్డు మధ్య గీత వైపు ఉంటారు. మీ ఒళ్ళు రోడ్డు అంచు వైపు ఉంటే తప్పు వైపు ఉన్నట్టే. రోడ్డు దాటేటప్పుడు చూసే వైపు కూడా మారుతుంది, నడిచేటప్పుడే రెండు వైపులా రెండేసి సార్లు చూడటం అలవాటు చేసుకోండి.

టెస్ట్ అయ్యాక

ఫెయిలైతే ఎగ్జామినర్ ఇచ్చే షీటు పారేయకండి, తర్వాత ఏం ప్రాక్టీస్ చేయాలో అందులోనే ఉంది. బ్రిటన్‌లో మళ్ళీ రాయడానికి కనీసం 10 పనిదినాలు ఆగాలి. స్లాట్లు దొరకడం చాలా చోట్ల కష్టం కాబట్టి అదే రోజు ఇంటికి రాగానే బుక్ చేసుకోండి, రోజూ పొద్దున ఒకసారి సైట్ తెరిచి చూస్తుంటే ఎవరైనా రద్దు చేసుకున్న స్లాట్ దొరుకుతుంది. నాకు అలాగే దొరికింది.

పాసైతే చాలా చోట్ల ముందు తాత్కాలిక కాగితం ఇచ్చి కార్డు పోస్టులో పంపుతారు. ఆ కాగితానికీ గడువు ఉంటుంది, కార్డు ఆలోపు రాకపోతే మీరే అడగాలి. ఈ మధ్యలో ఇల్లు మారుతుంటే అడ్రస్ ముందే చెప్పండి, లేకపోతే కార్డు పాత ఇంటికి వెళ్ళి వెనక్కి పోతుంది. కార్డు చేతికి రాగానే పేరు, పుట్టిన తేదీ, గడువు తేదీ ఒక్కొక్కటీ పాస్‌పోర్టు పక్కన పెట్టి సరిచూడండి, తప్పుంటే ఆ వారంలోనే వెళ్ళి సరిచేయించుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కొత్త లైసెన్స్ నంబరు పంపండి, గడువు తేదీకి రెండు నెలల ముందు ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి.